పాపకి మొదటి రికార్డర్

పిల్లలు - సంగీతం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడం, మాది మల్కాజిగిరి. మా పాపకి ఏడేళ్ళు నిండాయి, రెండో తరగతి. ఈ ఏడాది స్కూల్లో మ్యూజిక్ క్లాసుకి రికార్డర్ తెచ్చుకోమన్నారు. నాకు ఆ పేరే కొత్త. కోఠిలో అడిగితే మాటలు రికార్డు చేసే మిషన్ చూపించారు. ఆన్‌లైన్‌లో వెతికితే నూట యాభై రూపాయల నుంచి వేలల్లో దాకా ఉన్నాయి, ఒకచోట సొప్రానో, ఒకచోట డెస్కాంట్, ఇంకోచోట బరోక్, జర్మన్ అని రాసుంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. జనవరిలో నుమాయిష్‌కి వెళ్ళినప్పుడు పాప ముచ్చటపడిందని గులాబీరంగు ప్లాస్టిక్‌ది ఒకటి కొనిచ్చాం. ఎలా ఊదినా కీచుమనే వస్తోంది. నాలుగు రోజులు ఊది, "అమ్మా, నాకు రావట్లేదు, నేను స్కూల్లో కూడా ఊదను" అని మంచం కింద పడేసింది. మా తమ్ముడేమో చెక్కది కొనమంటాడు, మా అత్తయ్యగారేమో ఆ గొట్టం ఎందుకు, చక్కగా వేణువు నేర్పించండి అంటారు. రెండు వేల దాకా పెట్టగలం. ఏది కొనాలో సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే చెబుతానమ్మా. రికార్డర్ అంటే నిలువుగా పట్టుకుని ఊదే, వేణువు లాంటి వాయిద్యం. వాయిద్యాలు తయారు చేసే పేరున్న కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ సొప్రానో రికార్డర్, బరోక్ ఫింగరింగ్ (వేళ్ళు పెట్టే పద్ధతి) ఉన్నది కొనండి, ఈ పేర్లన్నీ కింద వివరిస్తాను. వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూగా వచ్చేస్తుంది. మిగతా వెయ్యి దాచుకోండి, ఇప్పుడు అక్కర్లేదు.

కానీ కొనడానికి వెళ్ళే ముందు, అంటే ఈ రోజు సాయంత్రమే, ఒక పని చేయండి. మంచం కింద నుంచి ఆ గులాబీరంగుది తీసి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది బొమ్మ నాన్నా, ఇది ఎవరు ఊదినా ఇలాగే వస్తుంది, తప్పు నీది కాదు" అని చెప్పండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ధరా కాదు, మోడలూ కాదు, "నాకు రావట్లేదు" అన్న ఆ మాట. పెద్దవాళ్ళం మనం పాడు సైకిలెక్కితే సైకిలు పాడైందంటాం. ఏడేళ్ళ పిల్ల అలా అనుకోదు, తనకే చేతకాలేదనుకుంటుంది, ఒకసారి అలా అనుకుందంటే తర్వాత ఎంత మంచిది కొనిచ్చినా ముట్టుకోదు.

నాకిది ఎలా తెలిసిందో చెబుతాను. పద్మారావునగర్‌లో మా ఇంట్లో పిల్లలకి చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మొదట్లో ఒక బాబు వచ్చేవాడు, ఎనిమిదేళ్ళు, ఎవరో కానుకగా ఇచ్చిన రికార్డర్ తెచ్చుకునేవాడు. వాడు ఊదితే స్వరం ఎప్పుడూ పక్కకి పోయేది. "మెల్లగా ఊదు నాన్నా, వేళ్ళు సరిగ్గా మూయి" అని రెండు వారాల పాటు వాడినే అన్నాను. వాడు తలొంచుకుని మళ్ళీ ఊదేవాడు. ఒకరోజు వాళ్ళమ్మ రావడం ఆలస్యమైంది, నేను దాన్ని సబ్బుతో కడిగి ఊదిచూశాను. నాకూ అలాగే వచ్చింది. మూడు వేళ్ళు మూస్తే రావాల్సిన స్వరం బాగా కిందకి దిగిపోయింది, రెండు వేళ్ళది పైకి పోయింది, ఊపిరి ఎంత సర్దినా రెండూ కలవలేదు. రెండు వారాలు ఆ పిల్లాడిది కాని తప్పుకి వాడిని సరిచేస్తూ కూర్చున్నాను కదా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా దగ్గరున్న మంచి ప్లాస్టిక్‌ది ఇచ్చాను, పది నిమిషాల్లో మూడు స్వరాలూ శుభ్రంగా పలికాయి. అప్పటి నుంచి ఏ పిల్ల ఏ వాయిద్యం తెచ్చినా ముందు నేను ఊదిచూడకుండా పాఠం మొదలుపెట్టను.

బొమ్మకీ వాయిద్యానికీ తేడా ఎక్కడుందంటే, రికార్డర్‌లో పెదాలతో చేసే విద్య ఏమీ లేదు, పనంతా దాని మూతిలోనే ఉంది. నోట్లో పెట్టుకునే చోట లోపల ఒక దిమ్మ బిగించి ఉంటుంది (జర్మన్ భాషలో రికార్డర్‌ని బ్లాక్‌ఫ్లోటె అనేది ఆ దిమ్మని బట్టే), ఆ దిమ్మకీ పైగోడకీ మధ్య సన్నటి గాలిదారి, ఆ దారిలోంచి వచ్చిన గాలి ముందున్న కిటికీలో పదునైన అంచుకి తగిలి చీలుతుంది, స్వరం పుట్టేది అక్కడే. మన చిన్నప్పటి ఈల కూడా ఇదే పద్ధతి. అంటే పాప ఊదాలే గానీ గాలిని గురిపెట్టాల్సిన పని లేదు, ఆ గురి తయారు చేసినవాడు పెట్టేశాడు. ఇక ఆ అంచు మొద్దుగా ఉన్నా, గాలిదారి వంకరగా ఉన్నా, రంధ్రాలు లెక్క తప్పిన చోట పొడిచినా పాప చేయగలిగింది ఏమీ లేదు. నుమాయిష్‌లోనూ చార్మినార్ దగ్గరా అమ్మేవాటిలో చాలావరకు రంగు చూసి చేసినవే, వాటి మీద నాకు కోపం లేదు, జాతరలో బూర కొన్నట్టు కొనుక్కోవచ్చు. నేర్చుకోవడానికి మాత్రం పనికిరావు.

పేర్ల సంగతి చూద్దాం. సొప్రానో, డెస్కాంట్ రెండూ ఒకటే. అమెరికా వాళ్ళు సొప్రానో అంటారు, బ్రిటన్ వాళ్ళు డెస్కాంట్ అంటారు. పొడవు 32, 33 సెంటీమీటర్లుంటుంది, అంటే పాప స్కూలు స్కేలు కంటే కొంచెం ఎక్కువ. అన్ని వేళ్ళూ మూస్తే సి (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు) పలుకుతుంది, మన లెక్కలో ఒకటో శృతి షడ్జం. ఆల్టో లేదా ట్రెబుల్ అన్నది ఇంతకంటే పెద్దది, రంధ్రాలు దూరం దూరంగా ఉంటాయి, ఏడేళ్ళ చేతికి అందదు, దాని జోలికి వెళ్ళకండి. రికార్డర్ అన్న పేరుకీ మాటలు రికార్డు చేసే మిషన్‌కీ సంబంధం లేదు, ఆ మిషన్లు రాకముందు కొన్ని వందల ఏళ్ళ నుంచీ ఈ పేరుంది. గుర్తుచేసుకోవడం అనే అర్థమున్న ల్యాటిన్ మాట నుంచి వచ్చింది, పాటని మళ్ళీ మళ్ళీ ఊది మనసులో నిలుపుకోవడం అన్నమాట. దుకాణంలో "ఫ్లూట్ రికార్డర్" అనో "స్కూల్ పిల్లలు ఊదే రికార్డర్" అనో అడగండి, అప్పుడు అర్థమవుతుంది. సికింద్రాబాద్, అబిడ్స్ వైపు గిటార్లు, కీబోర్డులు అమ్మే షాపుల్లో చూడండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి, బరోక్, జర్మన్. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది తల్లిదండ్రులు తప్పు కొనేది ఇక్కడే, షాపువాళ్ళు కూడా "జర్మన్ ఈజీ మేడం, చిన్నపిల్లలకి అదే" అని చేతిలో పెడతారు.

వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం లేదు, సగం నిజం ఉంది. కింద నుంచి సి, డి, ఇ, ఎఫ్ అని వరసగా ఒక్కో వేలు తీసుకుంటూ వస్తే, బరోక్ దాంట్లో ఎఫ్ దగ్గర ఒక మెలిక ఉంటుంది. ఎడమచేతి వేళ్ళన్నీ, కుడిచేతి చూపుడువేలు మూసి, మధ్యవేలు మాత్రం లేపి, ఉంగరపువేలు, చిటికెనవేలు మళ్ళీ మూయాలి. చిన్న వేళ్ళకి కష్టమే. 1920లలో జర్మనీలో పీటర్ హార్లన్ అనే ఆయన ఈ మెలిక తీసేసి, ఎఫ్‌కి కూడా వరసలో ఒక వేలు లేపితే చాలు అన్నట్టు రంధ్రాలు మార్పించాడు. స్కూలు పిల్లలకి తేలికవుతుందని ఆయన ఉద్దేశం. కానీ ఒకచోట తేలిక చేస్తే ఇంకోచోట బరువు పడింది. ఎఫ్ షార్ప్ (ఎఫ్ కంటే అర మెట్టు పైన ఉండే స్వరం), పై స్థాయిలో మరికొన్ని స్వరాలు శృతిలో నిలవడం మానేశాయి, లేదా వాటికి ఇంకా గజిబిజి పట్లు (వేళ్ళు మూసే తీరు) అవసరమయ్యాయి.

ఆ ఒక్క ఎఫ్ షార్ప్ రాకపోతే ఏం మునిగిపోయింది అంటారేమో. పాశ్చాత్య పద్ధతిలో పిల్లలు తొందరగానే నేర్చుకునే జి మేజర్ స్కేలులో (జి తో మొదలయ్యే స్వరాల వరసలో) అది ఉంటుంది. మన పద్ధతికి వద్దాం. రికార్డర్ మీద చిన్నపిల్లలకి అన్నిటికంటే సుఖంగా పలికే చోటు జి. అక్కడ షడ్జం పెట్టుకుంటే, అంటే ఐదో శృతి, శంకరాభరణ రాగానికి కాకలి నిషాదం (ఎత్తులో ఉండే ని) కావాలి, ఆ కాకలి నిషాదమే ఎఫ్ షార్ప్. అదే షడ్జాన్ని అన్నిటికంటే కింది సి మీద పెట్టుకుని కల్యాణి రాగం ఊదాలంటే ప్రతి మధ్యమం (ఎత్తులో ఉండే మ) కావాలి, అదీ ఎఫ్ షార్పే. జర్మన్ దాంట్లో తేలికైన శుద్ధ మధ్యమం (కింది మ, అంటే ఎఫ్) కోసం ప్రతి మధ్యమాన్ని వదులుకున్నట్టు. పైగా పాప ఎఫ్ దాకా వచ్చేసరికి నెలలు పడుతుంది, అప్పటికి వేళ్ళు కుదురుకుని ఉంటాయి, ఆ మెలికకి ఓ పది రోజులు సాధన చేస్తే సరిపోతుంది. ఆ పది రోజులు తప్పించుకోవడానికి ఏళ్ళ తరబడి ఇబ్బంది పెట్టుకోవడం నాకు సబబుగా అనిపించదు.

అయితే ఒక షరతు. ముందు స్కూల్లో టీచర్ని అడగండి. క్లాసంతా జర్మన్ దాని మీద నేర్చుకుంటుంటే పాప ఒక్కతే వేరే పట్టు పట్టడం ఆ పిల్లకి టెన్షన్. టీచర్ "ఏదైనా పర్లేదు" అంటే మాత్రం బరోకే తీసుకోండి.

చూసి గుర్తుపట్టడం తేలిక. పైనుంచి రంధ్రాలు లెక్కపెట్టండి, వెనకున్న బొటనవేలిది వదిలేసి. నాలుగోది చిన్నదిగా, ఐదోది పెద్దదిగా ఉంటే బరోక్. నాలుగోది పెద్దదిగా, ఐదోది చిన్నదిగా ఉంటే జర్మన్. ప్యాకెట్ మీద ఏం రాసున్నా, అమ్మేవాళ్ళు ఏం చెప్పినా కంటితో ఇది చూసుకోండి. యమహా వాళ్ళవైతే వైఆర్‌ఎస్-24బి అన్నది బరోక్, వైఆర్‌ఎస్-23 అన్నది జర్మన్, చూడటానికి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, చేతికిచ్చింది ఏదో నంబర్ చూసి మరీ తీసుకోండి. జపాన్ కంపెనీలే ఔలోస్, జెన్-ఆన్ కూడా మంచివి చేస్తాయి, దొరికితే నిశ్చింతగా కొనొచ్చు.

మూడు ముక్కలుగా విడిపోయేది కొనండి, ఇది చిన్న చేతుల పిల్లలకి చాలా ముఖ్యం. చిట్టచివరి ముక్క మీద చిటికెనవేలి రంధ్రాలు ఉంటాయి. ఆ ముక్కని కొద్దిగా కుడివైపుకి తిప్పితే పాప వేలు సాగదీయకుండా రంధ్రం మీదకి వస్తుంది. ఒకే గొట్టంగా ఉన్నవాటిలో ఆ వీలు లేదు. పాపని షాపుకి తీసుకెళ్ళండి, చేతిలో పెట్టి ఎడమచేతి మూడు వేళ్ళు పైన, కుడిచేతి నాలుగు వేళ్ళు కింద పెట్టించి చూడండి. వేళ్ళ చివర్ల కంటే కాస్త లోపల ఉండే మెత్తటి చోటుతో రంధ్రాలు మూసుకోవాలి. కుడిచేతి చిటికెనవేలు ఇంకా అందకపోతే దిగులు పడొద్దు, మొదటి కొన్ని నెలలు దానితో పనే లేదు.

ఊదిచూడనిస్తే ఊదిచూడండి. నోటికి తగిలేది కాబట్టి చాలా షాపుల్లో ఒప్పుకోరు, అది న్యాయమే, ఎంగిలి వస్తువు ఎవరు కొంటారు? అలాంటప్పుడు నంబర్ చూసుకుని సీలుతో ఉన్నది తెచ్చుకోండి. ఒప్పుకుంటే మాత్రం ఎడమచేతి బొటనవేలితో వెనక రంధ్రం, చూపుడువేలితో ముందు మొదటి రంధ్రం మూసి మెల్లగా ఊదండి, బి వస్తుంది. మధ్యవేలు కూడా మూస్తే ఎ. ఉంగరపువేలు కూడా మూస్తే జి. ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ ఏదైనా పెట్టుకుంటే ఆ అక్షరాలు కనిపిస్తాయి, సంగీతం రాకపోయినా మీకు తెలిసిపోతుంది. మంచి రికార్డర్ మెల్లగా ఊదితేనే పలుకుతుంది, గట్టిగా ఊదితే తప్ప పలకనిదాన్ని అక్కడే వదిలేసి రండి.

మీ తమ్ముడిగారు చెక్కది అనడంలో తప్పు లేదు, చెక్క రికార్డర్ నాదం వేరు, నాకూ ఇష్టమే. కానీ దాన్ని కొత్తలో రోజుకి పది, పదిహేను నిమిషాలకి మించి ఊదకూడదు, తడి ఆరబెట్టాలి, అప్పుడప్పుడూ నూనె పట్టించాలి, మన ఏప్రిల్ ఎండలకి ఎండి జూలై వానలకి ఉబ్బుతుంది. రెండో తరగతి పిల్ల స్కూలు బ్యాగులో లంచ్ బాక్సు పక్కన పెట్టుకెళ్ళే వస్తువు కాదది. పైగా తక్కువ ధరకి దొరికే చెక్కదాని కంటే వెయ్యి రూపాయల ప్లాస్టిక్‌దే శృతిలో ఉంటుంది. ప్లాస్టిక్‌దైతే గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేసి కడిగేయొచ్చు. మరిగే నీళ్ళు పోయకండి, మే నెలలో ఎండలో ఆపిన కారులో వదలకండి, అంతే.

అత్తయ్యగారి మాటకి వస్తాను, ఎందుకంటే ఆవిడ అన్నది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మన వేణువులో ఉన్న గమకం రికార్డర్‌లో రాదు. కర్ణాటక వేణువు ఎనిమిది రంధ్రాలది, వెదురు, రంధ్రాన్ని సగం మూస్తూ తెరుస్తూ స్వరాన్ని ఊపే ఆ పద్ధతి ఈ ప్లాస్టిక్ గొట్టానికి అలవాటు లేని పని. కానీ అడ్డంగా పట్టుకుని, పెదవి మడిచి, గాలిని రంధ్రం అంచుకి గురిపెట్టడం చిన్నపిల్లలకి చాలా కష్టం, కొందరికి మొదటి నాదం రావడానికే వారాలు పడుతుంది. రికార్డర్‌లో మొదటి రోజే నాదం వస్తుంది. రంధ్రం చిల్లు లేకుండా మూయడం, ఊపిరి పొదుపుగా వాడటం, రెండు చేతుల వేళ్ళూ విడివిడిగా కదలడం, ఇవన్నీ రేపు వేణువుకీ పనికొస్తాయి. పదేళ్ళు దాటాక, చేయి సాగాక, పాపకే ఇష్టం పుడితే రాంకోఠిలో, సికింద్రాబాద్‌లో ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి, వెళ్ళి కనుక్కోవచ్చు. అత్తయ్యగారికి ఇంకో మాట కూడా చెప్పండి, ఈ రికార్డర్ మీద మొదటి రాగం మోహన అవుతుందని.

అవును, నేను నా పిల్లలకి మోహనతోనే మొదలుపెడతాను. గాత్రంలో సరళీ స్వరాలు (తొలి పాఠాలు) మాయామాళవగౌళ రాగంలో చెబుతాం, అది సరైన పద్ధతే, కానీ రికార్డర్ మీద జి షడ్జం పెట్టుకుంటే ఆ శుద్ధ రిషభానికీ, శుద్ధ ధైవతానికీ కష్టమైన పట్లు కావాలి. మోహనకి అవేవీ అక్కర్లేదు. జి, ఎ, బి అంటే స, రి, గ, ఇవి మొదటి వారంలో నేర్చుకునే మూడు పట్లే. వాటి కింద ఇ, డి చేరితే మంద్ర స్థాయి ధైవతం, పంచమం వచ్చేశాయి. ప ద స రి గ, ఐదు స్వరాలూ ఒక్కో వేలు వరసగా తీస్తూ మూస్తూ పలికేవే, ఒక్కచోట మాత్రం జి నుంచి ఇ కి కుడిచేతి రెండు వేళ్ళు కలిపి వేయాలి. అత్తయ్యగారు పాడగలిగితే ఆవిడ పాడిన రెండు స్వరాల ముక్కని పాప ఊది తిరిగి ఇవ్వాలి. మీ ఇంట్లో గురువు ఆవిడే అవుతారు.

మొదటి రెండు వారాలు ఊపిరి మీదే దృష్టి పెట్టండి. దేవుడి దగ్గర దీపం ఎదురుగా కూర్చోబెట్టి, మంట ఆరకుండా కాస్త వంగేలా ఊదమనండి, మీరు పక్కనే ఉండాలి. ఆ ఊపిరి చాలు. స్వరం మొదలయ్యేటప్పుడు నాలుక కొనతో "దు" అన్నట్టు కదపాలి. ఇక్కడ మన పిల్లలకి ఒక వరం ఉంది, ద, డ వేరువేరుగా పలకడం పుట్టుకతో వచ్చేసింది, అందుకే "దు, డు కాదు" అంటే చాలు, పళ్ళ వెనక నాలుక ఎక్కడ తగలాలో పాపకి వెంటనే అర్థమవుతుంది. కీచుమంటే కారణం రెండే, గాలి ఎక్కువైంది లేదా ఏదో వేలి సందు నుంచి గాలి పోతోంది, ముఖ్యంగా వెనక బొటనవేలు చూడండి. ఊదాక వేళ్ళ మీద రంధ్రాల గుండ్రటి ముద్రలు అన్నీ పడ్డాయో లేదో చూసుకోమనండి, పిల్లలకి ఆ ముద్రలు లెక్కపెట్టుకోవడం భలే ఇష్టం. రోజుకి పది నిమిషాలు చాలు, ఇరవై వద్దు.

ప్రశ్న: మా బాబు ఎడమచేతివాటం. ఎనిమిదేళ్ళు. ఎడమచేతివాళ్ళకి వేరే రికార్డర్ ఉంటుందా? - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మామూలుదే కొనండి. రెండు చేతులకీ సమానంగా పని ఉండే వాయిద్యం ఇది, మొదటి మూడు నెలలైతే పనంతా ఎడమచేతిదే, మీ బాబుకి ఇంకా హాయి. ఎవరికైనా ఎడమచేయి పైన, కుడిచేయి కింద. బాబు తిరగేసి పట్టుకుంటే మొదటి రోజే సరిచేయండి. కింది స్వరాల దగ్గర రెండేసి చిన్న రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి, అవి కుడిచేతి వేళ్ళకి కుదిరేలా పెట్టినవి, తిరగేసి పట్టుకున్నవాళ్ళకి అక్కడికి వచ్చాక అందవు, అప్పుడు మార్చుకోవడం పిల్లలకి చాలా కష్టం.

ప్రశ్న: మా అమ్మాయి రికార్డర్ మొదట బాగానే పలుకుతుంది, పది నిమిషాలయ్యాక గొంతు పట్టినట్టు బొంగురుపోతుంది. షాపులో అడిగితే పాడైందన్నారు. మళ్ళీ కొత్తది కొనాలా? - ఒక తల్లి, తార్నాక

జవాబు: వద్దమ్మా, పాడవలేదు. నోటి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది, చల్లటి ప్లాస్టిక్‌కి తగిలి ఆ సన్నటి గాలిదారిలో నీటి బొట్లు పడతాయి, దారి మూసుకుపోతుంది. డిసెంబర్ పొద్దునపూట, ఏసీ గదిలో ఇంకా ఎక్కువ. ఊదే ముందు పైముక్కని అరచేతుల మధ్యో చంకలోనో రెండు నిమిషాలు పెట్టుకుని వెచ్చబరచమనండి, సగం బాధ పోతుంది. మధ్యలో బొంగురుపోతే గాలిని లోపలికి ఒకసారి పీల్చాలి, లేదా కిటికీని అరచేత్తో మెల్లగా కప్పి గట్టిగా ఒక్కసారి ఊదాలి, బొట్లు బయటికి పోతాయి. కిటికీ దగ్గరున్న పదునైన అంచుని మాత్రం వేలితోగానీ గుడ్డతోగానీ పుల్లతోగానీ ముట్టుకోనివ్వద్దు, అది గీసుకుపోతే ఇక వాయిద్యం పోయినట్టే. తరచూ ఇలా అవుతుంటే నీళ్ళలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపి గాలిదారిలో నాలుగు చుక్కలు పోసి, కడగకుండా అలాగే ఆరనివ్వండి. బొట్టు నిలవకుండా పలచగా జారిపోతుంది.

ప్రశ్న: పెద్దవాడికి తొమ్మిది, చిన్నదానికి నాలుగున్నర. ఇద్దరికీ ఒక్కటి సరిపోతుందా? చిన్నదానికి ఇప్పుడే నేర్పొచ్చా? ఫ్లాట్‌లో ఉంటాం, పక్కవాళ్ళు ఏమంటారోనని కూడా భయం. - ఒక తల్లి, మణికొండ

జవాబు: ఒక్కటి సరిపోదు. నోటిది, ఎంగిలి, ఒకరికి జలుబు చేస్తే రెండోవారికి అంటుకుంటుంది. అంతకంటే ముఖ్యం, నాది అన్న వస్తువునే పిల్లలు శ్రద్ధగా చూసుకుంటారు. కానీ చిన్నదానికి ఇప్పుడే కొనకండి. నాలుగున్నరేళ్ళ వేలి చివర ఆ రంధ్రాన్ని పూర్తిగా కప్పలేదు, గాలి పోతుంది, కీచుమంటుంది, మళ్ళీ పైన చెప్పిన కథే. ఈ రెండేళ్ళు పాడనివ్వండి, చేత్తో తాళం వేయనివ్వండి, అన్నయ్య జి, ఎ, బి ఊదుతుంటే తను స రి గ అని పాడాలి. ఆరున్నర, ఏడు వచ్చేసరికి తన వంతు వస్తుంది, అప్పటికి స్వరాలన్నీ చెవిలో ఉంటాయి కాబట్టి అన్నయ్య కంటే తొందరగా నేర్చుకున్నా ఆశ్చర్యపోకండి.

పక్కవాళ్ళ సంగతి నిజమే, సొప్రానో గొంతు సన్నగా, గోడ దాటి వినిపిస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వద్దు, రాత్రి ఎనిమిది తర్వాత వద్దు. సాయంత్రం ఒకే వేళ పెట్టుకుని, పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి. పిల్లాడు మెల్లగా ఊదడం నేర్చుకున్న కొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది.

ప్రశ్న: మీరు బరోక్ అంటున్నారు, మేము పోయిన నెలే తెలియక జర్మన్‌ది కొనేశాం. పాప రోజూ ఇష్టంగా ఊదుతోంది. పడేయాలా? - ఒక తండ్రి, అత్తాపూర్

జవాబు: అస్సలు పడేయకండి, పాపకి ఈ మాట తెలియనివ్వనూ వద్దు. మంచి కంపెనీదైతే జి, ఎ, బి, కింది ఇ, డి అన్నీ రెండింటిలో ఒకే పట్టు, మోహన మొత్తం దాని మీదే వస్తుంది. ఎఫ్ నేర్చుకునే రోజు వచ్చినప్పుడు, బహుశా ఆరు నెలలకి, పుట్టినరోజుకో పండగకో బరోక్‌ది కొనివ్వండి, ఎఫ్ ఆ కొత్తదాని మీదే మొదటిసారి నేర్పండి. పాతది ఇంట్లో ఉండనివ్వండి, తన రికార్డర్ తేవడం మర్చిపోయి వచ్చిన స్నేహితురాలికి ఇవ్వడానికి పనికొస్తుంది, ఇచ్చే ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి.